మాంటా రే చూడ్డానికి ఒక్కళ్ళే వెళ్తున్నారా? ప్లేస్ కంటే ముందు తేల్చుకోవాల్సిన మూడు విషయాలు

ఇవాళ్టి ఎపిసోడ్ సముద్రం గురించి. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, సముద్రంలో ఉండే ఒక పెద్ద చేప గురించి, దాన్ని చూడ్డానికి ఒక్కళ్ళే బయల్దేరాలనుకునే వాళ్ళ గురించి.

రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. నీలం నీళ్ళు, అడుగున ఒక డైవర్, ఆ డైవర్ నెత్తి మీదుగా దుప్పటంత రెక్కలు చాపుకుని ఒక జీవి మెల్లగా తేలుతూ వెళ్ళిపోతుంది. అదే మాంటా రే. అది చూడగానే మనం చేసే మొదటి పని ఏంటి? ఫోన్ తీసి "మాంటా రేస్ చూడ్డానికి బెస్ట్ ప్లేస్" అని సెర్చ్ కొట్టడం. వెంటనే టాప్ టెన్ లిస్ట్ వస్తుంది. మాల్దీవ్స్, బాలి, కొమోడో, రాజా అంపట్, హవాయి, మెక్సికో. అన్ని ఫొటోలూ బాగుంటాయి. వాటిలో ఫ్లైట్ టికెట్ తక్కువున్నది చూసి బుక్ చేసేస్తాం.

ట్రిప్పు సగం అక్కడే పాడవుతుంది. ఎందుకంటే ఆ లిస్టులన్నీ "ఎక్కడ" అనే ఒక్క ప్రశ్నకే జవాబిస్తాయి. మీకు లీవ్ ఏ నెలలో దొరుకుతుందో వాటికి తెలియదు. మీరు ఇప్పటిదాకా ఎన్ని డైవ్‌లు చేశారో తెలియదు. పక్కన ఫ్రెండ్ లేకుండా వెళ్తున్నారని అసలే తెలియదు.

కోడ్ రాసి బతికిన వాడిని కాబట్టి నా బుర్ర ఇలా ఆలోచిస్తుంది: ముందు ఫిల్టర్లు పెట్టాలి, తర్వాతే రిజల్ట్ చూడాలి. ఈ ట్రిప్పుకి మూడు ఫిల్టర్లు ఉన్నాయి. ఒకటి, మీ నెల. రెండు, మీ లాగ్‌బుక్. మూడు, మీరు ఒంటరి అన్న సంగతి. ఈ మూడింట్లోంచి జల్లెడ పడితే పది ప్లేసుల్లో ఒకటో రెండో మిగులుతాయి. ఇక వాటిలో ఏది ఎంచుకున్నా తప్పు లేదు.

ముందు, అసలు ఈ చేప ఎవరు?

మన కోస్తాలో జాలర్లు టేకు చేప అంటారు చూడండి, బల్లపరుపుగా, తోకతో ఉంటుంది. మాంటా ఆ కుటుంబానికి చుట్టమే. కానీ ఒక పెద్ద తేడా ఉంది. దీని తోకకి కుట్టే ముల్లు లేదు. 2006లో స్టీవ్ ఇర్విన్ చనిపోయింది స్టింగ్ రే ముల్లు వల్ల. ఆ వార్త గుర్తున్నవాళ్ళు మాంటా అన్నా భయపడతారు. అక్కర్లేదు. మాంటా తినేది ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే కంటికి ఆనీ ఆనని చిన్న జీవులు. పెద్ద నోరు తెరుచుకుని నీళ్ళని వడకట్టుకుంటూ పోతుంది, అంతే.

మనకి కావాల్సినవి రెండు రకాలు. మొదటిది రీఫ్ మాంటా. రెక్క చివర నుంచి రెక్క చివరకి మామూలుగా మూడు, నాలుగు మీటర్లు. తీరాలకి, పగడపు దిబ్బలకి దగ్గర్లోనే తిరుగుతుంది. రెండోది ఓషియానిక్ మాంటా. ఇది ఏడు మీటర్ల దాకా పెరుగుతుంది, అంటే ఒక మామూలు కారు కంటే బాగా వెడల్పు. ఇది నడిసముద్రం జీవి. ఈ రెండూ వేరు వేరు జాతులని శాస్త్రవేత్తలు 2009లో తేల్చారు. అంతకుముందు అన్నీ ఒకటే అనుకునేవాళ్ళు.

ఈ తేడా మీ జేబుకి సంబంధించింది కూడా. రీఫ్ మాంటా చాలు అనుకుంటే ఒక ఊళ్ళో గది తీసుకుని, రోజూ బోటు ఎక్కి చూసి రావచ్చు. ఓషియానిక్ మాంటానే కావాలంటే చాలాసార్లు నడిసముద్రంలో రోజుల తరబడి పడవ మీదే ఉండాలి. మొదటి ట్రిప్పుకి నా సలహా రీఫ్ మాంటానే. నీళ్ళలో పక్కన నాలుగు మీటర్ల చేప వెళ్తుంటే "అయ్యో, ఏడు మీటర్లు లేదే" అని ఎవరికీ అనిపించదు.

ఇంకో విషయం. మాంటా ఒక చోటికి ఊరికే రాదు. ముఖ్యంగా రెండు పనుల మీద వస్తుంది. ఒకటి తిండి. రెండోది స్నానం. నవ్వకండి, నిజంగానే. పగడపు దిబ్బల మీద కొన్ని స్పాట్లుంటాయి, క్లీనింగ్ స్టేషన్లు అంటారు. అక్కడ చిన్న చిన్న చేపలు మాంటా ఒంటి మీద పరాన్నజీవుల్ని, చచ్చిన చర్మాన్ని తినేస్తాయి. మన భాషలో కార్ వాష్ అనుకోండి. తిండి నెలని బట్టి, అలల్ని బట్టి, చంద్రుణ్ణి బట్టి మారుతుంది. కార్ వాష్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే క్లీనింగ్ స్టేషన్లు ఉన్న ప్లేసుల్లో ఛాన్స్ కాస్త నిలకడగా ఉంటుంది.

ఫిల్టర్ 1: మీ నెల

దీన్ని అర్థం చేసుకోవడానికి మాల్దీవ్స్ మంచి ఉదాహరణ. మన తెలుగువాళ్ళకి ఇది ఈజీగా ఎక్కుతుంది, ఎందుకంటే అక్కడి లెక్క మొత్తం మనకి తెలిసిన రుతుపవనాల మీదే నడుస్తుంది.

మనకి నైరుతి వచ్చి వానలు పడుతుంటాయి కదా, అదే టైంలో మాల్దీవ్స్‌లో గాలీ ప్రవాహమూ పడమటి నుంచి తూర్పుకి ఉంటాయి. దాంతో ప్లాంక్టన్ ద్వీపాల తూర్పు వైపు చేరుతుంది. మాంటాలు కూడా అటే చేరతాయి. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక అంతా రివర్స్. ప్లాంక్టన్ పడమటి వైపు, మాంటాలు పడమటి వైపు. అంటే దేశం ఒకటే, కానీ ఆగస్టులో సరైన ద్వీపం వేరు, ఫిబ్రవరిలో సరైన ద్వీపం వేరు. "మాల్దీవ్స్ వెళ్ళాను, ఒక్క మాంటా కూడా కనపడలేదు" అని ఎవరైనా అంటే, ముందు ఏ నెల, ఏ వైపు అని అడగండి.

ఇప్పుడు క్యాలెండర్ చెప్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

జూన్ నుంచి నవంబర్ లోపు లీవ్ దొరికితే మాల్దీవ్స్‌లో బా అటోల్. అక్కడ హనిఫారు బే అని ఒక చిన్న గరాటు లాంటి అఖాతం ఉంది. ప్లాంక్టన్ అందులోకి కొట్టుకొచ్చి ఇరుక్కుంటుంది. అన్నీ కలిసొచ్చిన రోజు పదుల కొద్దీ మాంటాలు అక్కడ గుండ్రంగా తిరుగుతూ తింటాయి. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా బాగుంటుంది. అందులోనూ పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఇంకా బాగుంటుంది, ఎందుకంటే ఆటుపోట్లు అప్పుడు బలంగా ఉంటాయి. మీరు లీవ్ పెట్టేటప్పుడు ఆఫీస్ క్యాలెండర్‌తో పాటు ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్ కూడా చూడాలి. నేను జోక్ చేయట్లేదు.

డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా అయితే అదే మాల్దీవ్స్‌లో అరి అటోల్ పడమటి వైపు. ఇండోనేషియాలో రాజా అంపట్‌కి సీజన్ అక్టోబర్ నుంచి ఏప్రిల్. థాయ్‌లాండ్‌లో కో లాంటా దగ్గర హిన్ డేంగ్, హిన్ ముయాంగ్ అనే రాళ్ళ దగ్గర ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కనిపించే అవకాశం ఉంది, కానీ అది లాటరీ లాంటిది.

ఏ నెలైనా పర్లేదు అనే ప్లేసులు రెండు. బాలి పక్కన నుసా పెనిడా, అక్కడ మాంటా పాయింట్, మాంటా బే అని రెండు స్పాట్లున్నాయి. రెండోది హవాయిలో కోనా. ఇక మెక్సికో నుంచి వెళ్ళే సొకోరో దీవులకి నవంబర్ నుంచి మే దాకా. అక్కడ ఉండేవి ఓషియానిక్ మాంటాలు.

మరి మన అండమాన్? అండమాన్‌లో మాంటా అప్పుడప్పుడు కనిపిస్తుంది. కానీ మాంటా కోసమే అని టికెట్ తీసుకునే ప్లేస్ కాదు. డైవింగ్ నేర్చుకోవడానికి మాత్రం చక్కటి ప్లేస్. మనం హావ్‌లాక్ అనే స్వరాజ్ ద్వీప్‌లో సర్టిఫికేషన్ చేసి, తర్వాత మాంటా ట్రిప్పుకి వెళ్ళడం చాలా మంచి దారి. పాస్‌పోర్ట్ కూడా అక్కర్లేదు.

ఫిల్టర్ 2: మీ లాగ్‌బుక్

డైవ్ చేసిన ప్రతిసారీ లోతు, టైం, నీటి పరిస్థితి రాసుకునే పుస్తకమే లాగ్‌బుక్. ఇప్పుడు యాప్‌లు కూడా ఉన్నాయి. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంటే 18 మీటర్ల దాకా, అడ్వాన్స్‌డ్ ఉంటే 30 మీటర్ల దాకా వెళ్ళొచ్చు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. "మాంటాలు పది, పదిహేను మీటర్లలోనే కనిపిస్తాయట, నాకు ఓపెన్ వాటర్ ఉంది, చాలు" అనుకుంటారు.

లోతు అసలు సమస్యే కాదండి. సమస్య కరెంట్. ఇంట్లో పోయే కరెంట్ కాదు, నీటి ప్రవాహం. ప్లాంక్టన్‌ని మోసుకొచ్చేది ఈ ప్రవాహమే కాబట్టి, మాంటాలు ఉండే చోట చాలాసార్లు కరెంట్ కూడా ఉంటుంది. కొమోడోలో కరాంగ్ మకస్సార్ అనే స్పాట్‌నే తీసుకోండి. లోతు పెద్దగా ఉండదు. కానీ ప్రవాహం మిమ్మల్ని మోసుకుంటూ పోతుంది, మీరు ఈదరు, కొట్టుకుపోతూ చూస్తారు. డ్రిఫ్ట్ డైవ్ అంటారు. అలవాటున్నవాళ్ళకి అది పండగ. నాలుగు డైవ్‌లు చేసినవాళ్ళకి మాత్రం గాలి గబగబా అయిపోతుంది, గుండె దడదడలాడుతుంది, గైడ్ ఎక్కడున్నాడో కనిపించడు.

2014 ఫిబ్రవరిలో బాలి దగ్గర నుసా లెంబోంగాన్‌లో ఏడుగురు జపాన్ మహిళా డైవర్లు కొట్టుకుపోయారు. నుసా పెనిడాని ఆనుకున్న ద్వీపమే అది. ఐదుగురు సుమారు మూడు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికారు. మిగతా ఇద్దరు తిరిగి ఇంటికి చేరలేదు. వాళ్ళు కొత్తవాళ్ళు కాదు, అనుభవం ఉన్నవాళ్ళే. భయపెట్టడానికి చెప్పట్లేదు. రోజూ ఎంతోమంది అక్కడ డైవ్ చేసి హాయిగా తిరిగొస్తున్నారు. కానీ "పది మీటర్లేగా" అనే మాటకి ఆ నీళ్ళలో విలువ లేదు అని చెప్పడానికి చెప్తున్నాను.

కాబట్టి లాగ్‌బుక్‌ని బట్టి ఇలా విడగొట్టుకోండి.

డైవింగ్ రాదు, ఈత కూడా అంతంతమాత్రం అంటారా? మాంటా చూడ్డానికి డైవింగ్ తప్పనిసరి కాదు. హనిఫారు బేలో అయితే 2012 నుంచి స్కూబా డైవింగే నిషేధం. ఎంత పెద్ద డైవర్ అయినా అక్కడ స్నార్కెల్ పెట్టుకుని పైనుంచి చూడాల్సిందే. గైడ్ ఉండాలి, టైం లిమిట్ 45 నిమిషాలు. అంటే ప్రపంచంలోనే పేరున్న మాంటా స్పాట్‌లో, సర్టిఫికెట్ లేని మీరూ వెయ్యి డైవ్‌లు చేసినవాళ్ళూ సమానమే. కోనాలో కూడా అంతే. రాత్రిపూట లైట్లు వేస్తారు, లైట్లకి ప్లాంక్టన్ చేరుతుంది, ప్లాంక్టన్ కోసం మాంటాలు వస్తాయి. డైవర్లు పది మీటర్ల చుట్టూ ఉన్న నేల మీద కూర్చుని పైకి చూస్తారు, స్నార్కెల్ వాళ్ళు పైన లైట్ల పలకని పట్టుకుని కిందకి చూస్తారు. అయితే నీళ్ళంటే భయం ఉంటే మాత్రం, ముందు మీ ఊళ్ళో స్విమ్మింగ్ పూల్‌లో రెండు నెలలు పెట్టండి. ఓపెన్ వాటర్ కోర్సుకి కూడా 200 మీటర్లు ఆగకుండా ఈదడం, పది నిమిషాలు తేలడం వచ్చి ఉండాలి. ఆ కష్టం ఎలాగూ వేస్ట్ కాదు.

ఓపెన్ వాటర్ ఉండి, పది లోపు డైవ్‌లు ఉంటే మాల్దీవ్స్‌లో గైడ్ ఎంచుకున్న తేలికైన స్పాట్లు, కోనా. నుసా పెనిడా కావాలంటే ముందు రెండు రోజులు బాలిలోనే తులాంబెన్ లాంటి ప్రశాంతమైన చోట డైవ్ చేయండి. అక్కడ లిబర్టీ అనే పాత అమెరికన్ ఓడ మునిగి ఉంది, ఒడ్డు నుంచే నడుచుకుంటూ నీళ్ళలోకి దిగొచ్చు. చెయ్యి కుదిరాక పెనిడా వెళ్ళండి. ఇంకోటి, పెనిడాలో నీళ్ళు చల్లగా ఉంటాయి. జూలై నుంచి అక్టోబర్ మధ్య 20 డిగ్రీల చుట్టూ కూడా పడిపోతాయి. ట్రోపికల్ బీచ్ కదా అని పల్చటి సూట్ వేసుకుని దిగితే వణికి చస్తారు.

అడ్వాన్స్‌డ్ ఉండి, కరెంట్‌లో కొన్ని డైవ్‌లు అయితే కొమోడో, రాజా అంపట్. యాభై పైన డైవ్‌లు ఉండి, అలల మధ్య పడవ మీద వారం ఉండగలిగితే సొకోరో. కాబో సాన్ లూకాస్ నుంచి పడవలో దాదాపు ఒక రోజు ప్రయాణం. దగ్గర్లో ఊరు లేదు, ఆసుపత్రి లేదు.

ఫిల్టర్ 3: మీరు ఒక్కళ్ళే

ఇక్కడ కాస్త నెమ్మదిగా వినండి, ఎందుకంటే ఎపిసోడ్ మొత్తానికి ఇదే ముఖ్యం.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. సోలో ట్రిప్ వేరు, సోలో డైవ్ వేరు. మీరు ఒక్కళ్ళే ఫ్లైట్ ఎక్కొచ్చు, ఒక్కళ్ళే హోటల్లో ఉండొచ్చు. నీళ్ళలోకి మాత్రం ఒక్కళ్ళే దిగరు. డైవ్ సెంటర్ మీకు ఒక బడ్డీని ఇస్తుంది, అంటే నీళ్ళలో ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండే జోడీ. ఆ మనిషిని మీరు పొద్దున్నే బోటు మీద మొదటిసారి కలుస్తారు. పేరు తెలుసుకుని పావుగంటలో మీ ప్రాణం ఆ మనిషి చేతిలో, ఆ మనిషి ప్రాణం మీ చేతిలో.

ఫ్రెండ్స్‌తో వెళ్ళినప్పుడు ఒక సౌకర్యం ఉంటుంది. నలుగురిలో ఒకడు ఎప్పుడూ "వద్దులేరా, ఇవాళ అలలు ఎక్కువగా ఉన్నాయి" అంటాడు. వాడిని పిరికోడు అని ఏడిపిస్తాం, కానీ వాడి వల్లే చాలాసార్లు అందరం క్షేమంగా ఉంటాం. ఒంటరిగా వెళ్ళినప్పుడు ఆ "వద్దు" అనే మనిషి లేడు. డబ్బు కట్టేశారు, లీవ్ మళ్ళీ దొరకదు, ఇంకో ఎనిమిది మంది బోటు మీద రెడీగా ఉన్నారు, మీకు ముక్కు దిబ్బడేసినట్టుంది. అప్పుడు "నేను దిగను" అనడం ఎంత కష్టమో ఊహించుకోండి. అందుకని ఆ "వద్దు"ని ఇంట్లో ఉన్నప్పుడే, ప్లేస్ ఎంచుకునేటప్పుడే పెట్టేసుకోవాలి. ఒక డైవ్ మానేసినా ట్రిప్పు చెడిపోని ప్లేస్‌ని ఎంచుకోండి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే ఒకే ఒక్క రూల్ ఇది.

ఈ రూల్ పెట్టగానే చాలా విషయాలు వాటంతటవే తేలిపోతాయి. ఉదాహరణకి, లివ్‌అబోర్డ్ అంటే వారం పాటు పడవ మీదే ఉండే ట్రిప్పు. ముందే మొత్తం డబ్బు కట్టాలి. మాంటా స్పాట్ దగ్గర ఒకటో రెండో రోజులు ఆగుతుంది, తర్వాత వెళ్ళిపోతుంది. ఆ రోజు మీకు ఒంట్లో బాగాలేకపోతే అంతే సంగతులు. పైగా క్యాబిన్ రేటు ఇద్దరు ఉంటారన్న లెక్క మీద ఉంటుంది. ఒక్కళ్ళే కావాలంటే ఎక్స్‌ట్రా కట్టాలి, ఒక్కోసారి దాదాపు రెండింతలు అవుతుంది. లేదంటే ముక్కూమొహం తెలియని మనిషితో రూమ్ పంచుకోవాలి. అమ్మాయిలైతే "షేరింగ్ అయితే అమ్మాయితోనేనా" అని బుక్ చేసే ముందే మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట బోటు మీద పనికిరాదు.

అదే ఒక ఊళ్ళో గది తీసుకుని ఉంటే, ఏ రోజుకి ఆ రోజు డైవ్ బుక్ చేసుకోవచ్చు. ఇవాళ బాలేదా, పడుకోండి. రేపు వెళ్ళండి. బా అటోల్‌లో ధరవందూ అనే ద్వీపం ఉంది. మామూలు జనం ఉండే ఊరు, ఎయిర్‌పోర్ట్ ఉంది, గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి. హనిఫారు బే అక్కడికి బోటులో కొద్ది నిమిషాలే. లక్షలు పోసే రిసార్ట్ అక్కర్లేదు. అక్కడ మందు దొరకదు, బట్టల విషయంలో ఊరి పద్ధతి పాటించాలి. ఒక అమ్మాయి ఒంటరిగా ఉండటానికి ఆ వాతావరణం చాలామందికి నచ్చుతుంది. నుసా పెనిడా, లెంబోంగాన్ దీవుల్లో కూడా ఇలాగే ఉండొచ్చు. బాలి నుంచి పొద్దున్న వెళ్ళి సాయంత్రం రావడం కంటే అక్కడే మకాం పెడితే, అలలు తక్కువున్న పూట చూసుకుని వెళ్ళే వెసులుబాటు ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఒక్క ప్రయత్నంలో మాంటా కనిపించే ఛాన్స్ సగానికి సగం అనుకుందాం. ఇది ఊరికే అనుకున్న నంబర్. నాలుగు ప్రయత్నాలు చేస్తే ఒక్కసారైనా కనిపించే ఛాన్స్ 94 శాతం దాకా వస్తుంది. ఇంటర్‌లో చదువుకున్న ప్రాబబిలిటీనే. కానీ అందులో ఒక షరతు ఉంది కదా, ఒకదానికొకటి సంబంధం లేని ప్రయత్నాలై ఉండాలి. ఒకే రోజు నాలుగు సార్లు దిగితే అది నాలుగు ప్రయత్నాలు కాదు. ఆ రోజు అలలు బాలేకపోతే నాలుగూ పోతాయి. అదే నాలుగు వేరు వేరు రోజులైతే లెక్క కాస్త నిజానికి దగ్గరగా వస్తుంది. కాబట్టి ప్యాకేజీలో "మొత్తం ఎన్ని డైవ్‌లు" అని చూడకండి. "మాంటా స్పాట్‌కి ఎన్ని వేరు వేరు రోజులు వెళ్ళగలను" అని చూడండి. మొత్తం ఖర్చుని ఆ రోజులతో భాగిస్తే అసలు రేటు బయటపడుతుంది. టికెట్ చీప్‌గా ఉన్న ప్లేస్ అక్కడ చాలాసార్లు ఓడిపోతుంది.

మూడూ కలిపి చూస్తే

డైవింగ్ రాదు, దసరా సెలవులకి వారం లీవ్ ఉంది. ధరవందూ, నాలుగు రాత్రులకి తగ్గకుండా. మాల్దీవ్స్‌లో దిగగానే వీసా ఫ్రీగా ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో ట్రావెలర్ డిక్లరేషన్ నింపాలి, అది మర్చిపోకండి.

ఓపెన్ వాటర్ ఉంది, ఆరు డైవ్‌లు అయ్యాయి, డిసెంబర్ ఆఖర్లో లీవ్. బాలి అయితే తులాంబెన్ రెండు రోజులు, పెనిడాలో నాలుగు రోజులు. అప్పుడు అక్కడ వానాకాలం కాబట్టి ఒకటి రెండు రోజులు బోట్లు వెళ్ళకపోవచ్చని ముందే అనుకుని వెళ్ళాలి. లేదంటే అరి అటోల్ పడమటి వైపు ఒక ఊరి ద్వీపం.

అమెరికాలో జాబ్ చేస్తున్నవాళ్ళు కోనా వెళ్ళండి. డొమెస్టిక్ ఫ్లైట్, వీసా స్టాంపింగ్ టెన్షన్ లేదు. లాంగ్ వీకెండ్‌కి ఒక రోజు కలుపుకుంటే రెండు మూడు రాత్రులు ప్రయత్నించొచ్చు.

అరవై డైవ్‌లు అయ్యాయి, ఓషియానిక్ మాంటానే నా టార్గెట్ అంటే సొకోరో. ఖర్చు మూడు వేల డాలర్లు దాటుతుంది, ఫ్లైట్ కాకుండా. ఒక రోజు మానేస్తే బాధ పడే ట్రిప్పు కాబట్టి, "వద్దు" అని మీకు మీరే చెప్పుకోగలరన్న నమ్మకం వచ్చాకే వెళ్ళండి.

డబ్బు కట్టే ముందు

డైవ్ సెంటర్‌కి ఈ ప్రశ్నలు మెసేజ్ చేయండి. ఒక గైడ్‌కి ఎంతమంది? నలుగురు లోపు అయితే మంచిది. బోటులో ఆక్సిజన్ ఉందా? ప్రతి డైవర్‌కీ నీళ్ళ మీద తేలే గాలి గొట్టం, అంటే ఎస్‌ఎంబీ ఇస్తారా? బోటుకి మీరు దూరంగా తేలినా దాన్ని చూసి వచ్చి ఎక్కించుకుంటారు. దగ్గర్లో రీకంప్రెషన్ ఛాంబర్ ఎక్కడుంది? అలలు బాలేక ట్రిప్ రద్దయితే డబ్బు వెనక్కిస్తారా? వీటికి విసుక్కునే సెంటర్ అయితే, మీకు జవాబు దొరికినట్టే.

ఇన్సూరెన్స్ సంగతి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటిలో స్కూబా కవర్ కాదు, లేదా లోతుకి లిమిట్ ఉంటుంది. పాలసీ పేపర్‌లో "స్కూబా" అనే పదం వెతికి చదవండి. డైవింగ్‌కి విడిగా డాన్ లాంటి సంస్థల కవర్ తీసుకోవచ్చు. ఆస్తమా, గుండె, చెవి సమస్యలుంటే డాక్టర్ దగ్గర క్లియరెన్స్ తీసుకోండి, ఫారంలో దాచకండి.

ఫ్లైట్ టైం ఇంకా ముఖ్యం. డైవ్ చేసినప్పుడు ఒంట్లో నైట్రోజన్ కరిగి చేరుతుంది. అది నెమ్మదిగా బయటికి పోవాలి. వెంటనే ఎత్తుకి వెళ్తే సోడా మూత తీసినట్టు బుడగలవుతుంది. అందుకే కొన్ని రోజులు వరసగా డైవ్ చేస్తే చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఫ్లైట్ ఎక్కకూడదు అన్నది డాన్ చెప్పే గైడ్‌లైన్. ధరవందూ నుంచి మాలేకి వచ్చే చిన్న ఫ్లైట్ కూడా ఫ్లైటే. బాలిలో అందరూ వెళ్ళే బాటూర్ కొండ సూర్యోదయం ట్రెక్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది, అది 1,700 మీటర్ల పైన ఉంటుంది. కొండ ముందు ఎక్కండి, నీళ్ళలోకి తర్వాత దిగండి.

చివరగా ఇంట్లో చెప్పండి. అమ్మకి టెన్షన్ అని చెప్పకుండా వెళ్ళేవాళ్ళు ఉంటారు. అక్కకో తమ్ముడికో అయినా డైవ్ సెంటర్ పేరు, నంబర్, ఇన్సూరెన్స్ నంబర్, రోజూ ఎన్నింటికి మెసేజ్ పెడతారో రాసివ్వండి.

నీళ్ళలో మనం అతిథులం

మాంటా దగ్గర ఉన్నప్పుడు కనీసం మూడు మీటర్ల దూరం. వెంటపడొద్దు, దారికి అడ్డం రావొద్దు, ముట్టుకోవద్దు. దాని ఒంటి మీద జిగురు పొర ఉంటుంది, మన చెయ్యి తగిలితే అది పోతుంది. క్లీనింగ్ స్టేషన్ మీదకి ఈదితే ఆ మాంటా వెళ్ళిపోతుంది, మీ వెనకున్న పది మందికీ పోతుంది. కదలకుండా ఒక పక్కన ఉంటే చాలాసార్లు అదే దగ్గరికి వస్తుంది.

ఎందుకింత జాగ్రత్త అంటే, మాంటా ఏడాది పైగా కడుపులో మోసి మామూలుగా ఒక్క పిల్లనే కంటుంది. మళ్ళీ కనడానికి రెండు నుంచి ఐదేళ్ళు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. మరోవైపు దాని మొప్పల పలకల్ని ఎండబెట్టి చైనాలో మందు పేరుతో అమ్ముతారు. ఓషియానిక్ మాంటా ఇప్పుడు అంతరించే ప్రమాదం ఉన్న జాతుల లిస్టులో ఉంది. ఇండోనేషియా 2014లో దేశమంతటా మాంటా వేటని నిషేధించింది. బతికున్న మాంటాని చూడ్డానికి వచ్చేవాళ్ళ వల్ల వచ్చే ఆదాయం కూడా అందుకు ఒక కారణం. అంటే మీరు కట్టే డబ్బు కూడా ఆ లెక్కలో ఒక ఓటే. అతిథిలా ఉండే డైవ్ సెంటర్‌కి ఆ ఓటు వేయండి.

ఇంకో అందమైన విషయం చెప్పి ముగిస్తాను. ప్రతి మాంటా పొట్ట మీద మచ్చలు వేరుగా ఉంటాయి, మన వేలిముద్రల్లా. వాటిని బట్టే శాస్త్రవేత్తలు ఒక్కోదాన్ని గుర్తుపడతారు. మీరు పొట్ట వైపు నుంచి ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటోని తేదీ, చోటుతో సహా మాంటా ట్రస్ట్ లాంటి సంస్థకి పంపొచ్చు. అది అంతకుముందు ఎవరూ చూడని మాంటా కూడా కావచ్చు.

సరేనండి, ఫోన్‌లో నోట్స్ తెరిచి మూడు లైన్లు రాసుకోండి: నా నెల, నా డైవ్‌ల సంఖ్య, మానేయగలిగే రోజులు ఎన్ని. ఆ మూడూ నింపాక మ్యాప్ తెరవండి.